అమ్మ ఇంట్లో కెమెరా పెట్టాం, అమ్మ మారిపోయింది. తీసేయమంటారా?

గుమ్మం_నీడ
ఎనిమిది నెలల కిందట అమ్మ బాత్‌రూమ్ గడప దగ్గర జారిపడింది. ఎముకలేం విరగలేదు. కానీ లేవలేక గంటన్నర నేలమీదే ఉండిపోయింది. పక్కింటావిడ ఏదో పనిమీద వచ్చి తలుపు తట్టింది కాబట్టి తెలిసింది, లేకపోతే ఇంకెంతసేపు అలా ఉండేదో. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేనూ తమ్ముడూ చెరో ఊళ్లో. ఆ వారమే హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కెమెరాలు పెట్టించేశాం. ఫోన్లో యాప్ తెరిస్తే కనిపిస్తుంది, వినిపిస్తుంది, ఇక్కణ్ణుంచి మాట్లాడొచ్చు కూడా. అమ్మని అడిగాం. "మీకు నిశ్చింతగా ఉంటుందంటే పెట్టుకోండి" అంది.

మొన్న ఫోన్లో చోటు ఖాళీ చేస్తుంటే, కెమెరా బిగించిన రోజు పరీక్ష కోసం దాచుకున్న పన్నెండు నిమిషాల వీడియో దొరికింది. అందులో అమ్మ కెమెరా సంగతి మర్చిపోయినట్టుంది. కూనిరాగం తీస్తూ అల్మరా సర్దుతోంది. మధ్యలో గోడ గడియారాన్ని "మళ్లీ వెనకబడ్డావూ" అని కసిరింది. కాళ్లు చాపుకుని నేలమీద కూర్చుని, నాన్న పాత చొక్కా ఒడిలో పెట్టుకుని, ఆయన ఎదురుగా ఉన్నట్టు ఏవో కబుర్లు చెప్పింది.

అది చూశాక యాప్ తెరిచి ఇప్పటి అమ్మని చూశాను. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. ఎవరో చూడ్డానికి వస్తున్నట్టు. తర్వాత నాలుగు రోజులు గమనించాను. పాట లేదు. తనలో తాను మాట్లాడుకోవడం లేదు. ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్లి మాట్లాడుతోంది. మధ్యాహ్నం కునుకు పట్టినా హాల్లో నడుం వాల్చకుండా లోపలి గదికి వెళ్తోంది. ఆ గదిలో కెమెరా లేదు.

ఆమెను కాపాడుకుందామని పెట్టాను. ఆమె ఇల్లు ఆమెకే పరాయిదైపోయింది. తీసేద్దామనుకుంటే ఆ గంటన్నర గుర్తొస్తుంది. మీ ఇళ్లలో ఇలా జరిగిందా? ఏం చేశారు?

తాళంచెవి
తీయొద్దు. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు కెమెరాలో మాట తడబడటం, చెయ్యి వేలాడటం నేనే చూశాను. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మేం రెండు గంటల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ఈరోజు ఆయన కర్ర సాయంతో నడుస్తున్నారు. పాట పాడకపోయినా మనిషి ఉండాలి కదండీ.

వానచినుకు
@తాళంచెవి, మీ నాన్నగారు బాగున్నందుకు సంతోషం. కానీ ఆ చివరి మాట ఒప్పుకోలేను. పాట పాడటం, తనతో తాను మాట్లాడుకోవడం అదనపు విషయాలు కావు. ఒంటరిగా ఉండే మనిషికి రోజు గడిచేదే వాటితో.

పెద్దకోడలు
నేను అటువైపు మనిషిని, అంటే కెమెరా కింద ఉండే మనిషిని. మా ఇంటి హాల్లో బావగారు పెట్టించారు, దొంగల భయం అని. ఆయన వేరే ఇంట్లో ఉంటారు, చూసేది ఆయన ఫోన్లో. మూడేళ్లయింది.

నేను ఏ తప్పూ చేయను. అయినా హాల్లో కెమెరాకి వీపు పెట్టి కూర్చోవడం అలవాటైపోయింది. నవ్వాలంటే చూసుకుని నవ్వుతాను. పిల్లవాడి మీద కోపం వస్తే వాణ్ణి చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి తీసుకెళ్లి మందలిస్తాను. వాడిప్పుడు పడగ్గదికి రమ్మంటేనే బిక్కమొహం వేస్తున్నాడు. కాసేపు ఊరికే కూర్చుంటే, "ఏ పనీ లేకుండా కూర్చుంది" అని ఎవరైనా అనుకుంటారేమోనని ఒక బట్ట తీసి మడతపెడతాను. మడతపెట్టిన బట్టే మళ్లీ మడతపెడతాను. ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. బహుశా ఆయన చూడను కూడా చూడరేమో. అది తెలియకపోవడమే కష్టం.

మీ అమ్మగారు పెరట్లోకి ఎందుకు వెళ్తున్నారో నాకు బాగా అర్థమైంది.

లెక్కలమాస్టారు
"అది తెలియకపోవడమే కష్టం" అన్నారు చూడండి, రెండు వందల ఏళ్ల కిందట జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లండు తత్వవేత్త సరిగ్గా దాన్నే ఒక భవనంగా గీశాడు. గుండ్రటి కట్టడం, చుట్టూ గదులు, మధ్యలో ఒక బురుజు. బురుజులో ఉన్నవాడికి అన్ని గదులూ కనిపిస్తాయి. గదుల్లో ఉన్నవాళ్లకి బురుజులో మనిషి ఉన్నాడో లేడో కనిపించదు. కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టే నడుచుకుంటారు. కాపలాకి మనిషి కూడా అక్కర్లేదన్నమాట. 1787లో రష్యాలో తమ్ముడు శామ్యూల్ దగ్గర ఉన్నప్పుడు ఉత్తరాల రూపంలో దీని గురించి రాశాడు. 1791లో అచ్చయింది. జైలు నమూనాగానే అందరికీ గుర్తు గానీ, అసలు ఊహ ఆ తమ్ముడిది. కార్ఖానాలో పనివాళ్లని కనిపెట్టుకుని ఉండటానికి అనుకున్నది.

ఆ బురుజు కట్టడానికి బెంథామ్ ఏళ్ల తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగి ఓడిపోయాడు. మనం హాల్లో రెండు మేకులతో బిగించేస్తున్నాం. గుమ్మం_నీడ గారూ, మీరు యాప్ తెరిచింది అమ్మగారికి తెలిసే మార్గం ఏమైనా ఉందా? లేదంటే ఆమె లెక్కలో మీరు రోజంతా చూస్తున్నట్టే.

గుమ్మం_నీడ
లేదండీ. కెమెరా మీద చిన్న నీలం లైటు ఉంటుంది, అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. నేను రోజుకి నాలుగైదుసార్లే చూస్తాను అనుకుని ఊరుకున్నాను. ఆమెకి అది ఇరవై నాలుగు గంటలు.

రాత్రిబండి
నేను బస్సు నడుపుత. మా బండ్ల రెండు కెమెరాలుంటయి. ఒకటి రోడ్డు దిక్కు, ఒకటి నా మొఖం దిక్కు. రోడ్డు దిక్కు దాంతోని నాకు పంచాయితి లేదు. పోయినేడు ఒకాయన ఎదురు దారిల వచ్చి గుద్దిండు, తప్పు నాదే అని లొల్లి పెట్టిండు. వీడియో చూపెడితె మల్ల మాట్లాడలే. ఆ కెమెరా లేకుంటె నా లైసెన్సు పోతుండె.

మొఖం దిక్కుది మాత్రం పానం తీస్తది. కండ్లు రెండు సెకన్లు మూస్తె కూత. ఆవులిస్తె కూత. నిజంగ నిద్రొస్తె కూయాలె, అది మంచిదే, నాతోని ఎన్కల యాభై మంది ఉన్నరు. కని పక్క అద్దం చూడనీకి తల తిప్పినా లెక్క రాస్కుంటది. నెలాఖరుకు ఆ లెక్క మా సారు ముంగట ఉంటది. ఇప్పుడేమైందంటె ఇంట్ల సుత ఆవులింతొస్తె నోరు బిగవట్టుకుంట. మా బిడ్డ అడిగింది, "నాయినా, ఎందుకట్ల జేస్తున్నవ్" అని. ఏం చెప్పాలె.

వానచినుకు
@రాత్రిబండి ఈ తేడా బాగా పట్టుకున్నారన్నా. రోడ్డు వైపుది మీకు సాక్షి. మొహం వైపుది మీ మీద సాక్షి.

నిద్రలేమి22
నాకు 22. లొకేషన్ షేరింగ్ గురించి చెప్తా. పదో తరగతి నుంచి నా ఫోన్ ఎక్కడుందో అమ్మానాన్నలకి మ్యాప్‌లో కనిపిస్తుంది. మొదట్లో నాకేం అనిపించలేదు. ఒకసారి లైబ్రరీ నుంచి ఇంటికి కొత్త దారిలో నడిచొస్తుంటే ఫోనొచ్చింది, "అటెందుకు వెళ్లావ్" అని. ఊరికే వెళ్లా. నిజంగా ఊరికే. కానీ ఆ "ఊరికే"కి సమాధానం చెప్పాల్సి వచ్చింది చూడండి, అప్పట్నుంచి కొత్త దారిలో వెళ్లడం మానేశా.

తర్వాత అబద్ధం నేర్చుకున్నా. ఫోన్ ఫ్రెండు గదిలో వదిలేసి వెళ్లడం. ఒకరోజు అలా వెళ్లినప్పుడు తిరిగొచ్చే బస్సు దొరకలేదు, చేతిలో ఫోన్ లేదు, రాత్రి పది. నా భద్రత కోసం పెట్టినదాని వల్లే ఆ రాత్రి నా దగ్గర ఫోన్ లేదు. ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

తాళంచెవి
@నిద్రలేమి22 అమ్మా, నాకూ నీ వయసు కూతురుంది. నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేనూ మ్యాప్ చూస్తాను. ఒకటి అడగనా, అసలు చూడకుండా ఉంటే మీరు నిజం చెప్తారా?

నిద్రలేమి22
@తాళంచెవి అన్నీ చెప్పను అంకుల్. కానీ ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, వచ్చి తీసుకెళ్లు" అనేదాన్ని. పక్కనున్నవాళ్ల ఫోన్ అడిగి తీసుకుని అయినా చేసేదాన్ని. చేస్తే మొదటి ప్రశ్న "నీ ఫోన్ అక్కడుంటే నువ్వు ఇక్కడెందుకున్నావ్" అని వస్తుంది, అందుకే చేయలేదు.

సున్నా_ఒకటి
సాంకేతికంగా రెండు ముక్కలు. మొదటిది భద్రత. కెమెరాతో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా? 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కొద్దీ కెమెరాల్లో, రికార్డర్లలో దూరింది. పెద్ద తెలివేమీ వాడలేదు. కంపెనీలు పెట్టే అరవై పైచిలుకు మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించింది. అమ్మగారిని చూసేది మీరొక్కరే అని నిర్ధారణగా ఉండాలంటే పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల లాగిన్ పెట్టండి, అప్‌డేట్లు ఆపొద్దు.

రెండోది, మీకు కావలసింది నిజంగా బొమ్మేనా? "అమ్మ పడిందా" అనే ప్రశ్నకి వీడియో అక్కర్లేదు. గోడకి అంటించే మోషన్ సెన్సర్ ఉంటుంది, ఒంటి వేడి కదలికను బట్టి గదిలో మనిషి తిరుగుతున్నారని మాత్రమే చెప్తుంది. ఉదయం ఫలానా వేళకల్లా వంటింట్లో కదలిక లేకపోతే మీ ఫోన్‌కి సందేశం. తలుపు సెన్సర్, మంచం కింద పెట్టే పట్టీ, మెడలో వేసుకునే బటన్ ఉన్నాయి. పడిపోవడాన్ని పసిగట్టే వాచీలున్నాయి. ఆపిల్ వాచ్‌లో 2018 నుంచి ఉంది, గట్టిగా పడి ఒక నిమిషం కదలకపోతే అదే ఫోన్ చేస్తుంది. రాడార్ తరంగాలతో పనిచేసేవి కూడా వచ్చాయి, బొమ్మ తీయవు, మనిషి నిలువుగా ఉన్నారా నేలమీద ఉన్నారా అనేది చూస్తాయి. ఇంకో మాట. మీ అమ్మగారు పడింది బాత్‌రూమ్ గడప దగ్గర. మీ కెమెరాలున్నది హాల్లో, వంటింట్లో. రేపు మళ్లీ అక్కడే పడితే మీకు కనిపించదు.

గుమ్మం_నీడ
@సున్నా_ఒకటి ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎనిమిది నెలలుగా నాకీ ఆలోచనే రాలేదు. పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చాను.

తాళంచెవి
బటన్ మా నాన్న మెడలో వేస్తే మేకుకి తగిలించి వచ్చేవారు. వాచీ చార్జింగ్ మర్చిపోతారు. చెప్పినంత సులువు కాదు. కెమెరాకి ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అందుకే అది గెలుస్తుంది.

సున్నా_ఒకటి
@తాళంచెవి నిజమే. ఒంటి మీద వేసుకునేవన్నీ ఆ గండం దాటాలి. అందుకే గోడ మీదివి ముందు చెప్పాను.

ఆకుపచ్చచుక్క
ఆఫీసు సంగతి కూడా ఇదే. ఇంటి నుంచి పని మొదలైనప్పట్నుంచి ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్, పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో, కీబోర్డు ఎన్నిసార్లు నొక్కామో లెక్క. నా పని సగం ఆలోచించడం. కాగితం మీద గీసుకుంటూ కూర్చుంటే నా పేరు పక్కన చుక్క పసుపు రంగులోకి మారుతుంది. అందుకని ఆలోచించడం మానేసి టైపు చేసి చెరిపేస్తుంటాను. పని నాణ్యత పడిపోయింది, చుక్క మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

లెక్కలమాస్టారు
@ఆకుపచ్చచుక్క మీలాంటి పరిస్థితిని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో గమనించింది. 1965లో రాబర్ట్ జాయంట్స్ అప్పటివరకు వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసి ఒక మాట చెప్పాడు. ఎవరైనా చూస్తుంటే చేతికి అలవాటైన పని ఇంకా చురుగ్గా సాగుతుంది, కొత్తది, కష్టమైనది మాత్రం తడబడుతుంది. సైకిల్ తొక్కడం వచ్చినవాడు జనం చూస్తుంటే ఇంకా జోరుగా తొక్కుతాడు, నేర్చుకునేవాడు పడతాడు.

ఇంకో ప్రయోగం కూడా ఉంది. 2006లో ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సిబ్బంది గదిలో పానీయాలకి ఎవరి డబ్బు వాళ్లు డబ్బాలో వేయాలి, అడిగేవాళ్లు ఉండరు. పైన ఒక వారం పూల బొమ్మ, ఒక వారం రెండు కళ్ల బొమ్మ పెట్టారు. కళ్లున్న వారాల్లో దాదాపు మూడింతలు డబ్బు పడింది. వట్టి కాగితం మీద కళ్లు!

వానచినుకు
మాస్టారూ, అది చాలా చోట్ల చెప్తారు గానీ అంత ధీమాగా చెప్పలేం. తర్వాత ఎన్నో ప్రయోగాలు కలిపి చూసిన సమీక్షలు వచ్చాయి, 2017లో వచ్చిన ఒకదాంట్లో కళ్ల బొమ్మ వల్ల దాతృత్వం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. కెమెరాల విషయంలోనూ అంతే. 2019లో నలభై ఏళ్ల పరిశోధనలని కలిపి చూశారు. నేరాలు మొత్తమ్మీద 13 శాతం తగ్గాయి, అందులోనూ పార్కింగ్ స్థలాల్లో ఎక్కువ. హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావమే కనిపించలేదు. కోపంతో ఊగిపోయేవాడు కెమెరా ఉందా అని చూడడు. చూసేది మన @పెద్దకోడలు గారే.

లెక్కలమాస్టారు
@వానచినుకు ఒప్పుకున్నాను. కళ్ల బొమ్మ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీ చివరి వాక్యం నా మాటకన్నా గట్టిగా నాటుకుంది.

పెద్దకోడలు
నాకూ.

గాలిపటం
ఇవన్నీ సరే, అసలు మన ఫోనే పొద్దస్తమానం వింటోంది కదా. నిన్న పరుపు మార్చాలని ఇంట్లో అనుకున్నాం, సాయంత్రానికి పరుపుల ప్రకటనలు. ఇప్పుడు మేం ముఖ్యమైనవి మాట్లాడుకోవాలంటే ఫోన్లు వేరే గదిలో పెడుతున్నాం.

సున్నా_ఒకటి
@గాలిపటం ఈ అనుమానంతోనే 2018లో అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 17 వేలకి పైగా ఆండ్రాయిడ్ యాప్‌లని పరీక్షించారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. కానీ కొన్ని యాప్‌లు తెర మీద జరిగేదాన్ని రికార్డు చేసి బయటి కంపెనీలకి పంపుతున్నాయని బయటపడింది. మీరు వెతికినవి, ఆగి చూసినవి, ఎక్కడున్నారు, మీ ఇంట్లో వైఫై వాడే మిగతావాళ్లు ఏం చూశారు, ఇవి చాలు పరుపు ప్రకటన రావడానికి. పలకరింపు మాట వింటే మేలుకునే స్పీకర్ల సంగతి వేరు. పొరపాటున మేలుకుని రికార్డు చేసిన ముక్కలని ఉద్యోగులు విన్నారని 2019లో పెద్ద కంపెనీలే ఒప్పుకున్నాయి. ఇప్పటి ఫోన్లలో కెమెరా గానీ మైకు గానీ తెరుచుకుంటే తెర పైన చిన్న చుక్క వెలుగుతుంది, దాన్ని చూసుకోండి.

గాలిపటం
చుక్క ఎక్కడుంటుందో ఇప్పుడే కనిపెట్టా. అయినా ఫోన్ పక్క గదిలోనే ఉంచుతా, మాటలు బాగా సాగుతున్నాయి.

అరుగు_నిర్వాహకుడు
మాట దారి తప్పుతోంది. గుమ్మం_నీడ గారి అమ్మగారి దగ్గరికి వద్దాం. ఫోన్ వింటుందా అనేదానికి కావాలంటే వేరే చర్చ తెరవండి.

తెల్లచెప్పులు
చాలా రోజులుగా చదవడమే, రాయడం ఇదే మొదలు. నేను ఇళ్లకి వెళ్లి మంచాన పడ్డవాళ్లని చూసుకునే పని చేస్తాను. పదకొండేళ్లు. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో కెమెరా ఉంటుంది. ముందే చెప్తున్నా, నేను కెమెరాలకి వ్యతిరేకం కాదు. పెద్దవాళ్లని కొట్టే మనుషులు ఈ పనిలో ఉన్నారు, నా కళ్లతో చూశాను, కెమెరా వల్లే పట్టుబడ్డారు. నామీద ఒకసారి వస్తువు పోయిందని నింద పడితే నన్ను బయటపడేసిందీ కెమెరానే.

కానీ ఒకటి చెప్పాలి. కెమెరా లేని ఇంట్లో నేను పెద్దావిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని అరగంట ఊసులాడతాను. ఆ అరగంట తర్వాత ఆమె మాత్ర వేసుకోమంటే వేసుకుంటుంది, తిండి తినమంటే తింటుంది. కెమెరా ఉన్న ఇంట్లో కూర్చోను. "డబ్బులిస్తుంటే కూర్చుని కబుర్లాడుతోంది" అని ఒక ఇంట్లో అన్నారు, అప్పట్నుంచి భయం. తుడిచిన బల్లే మళ్లీ తుడుస్తాను. @పెద్దకోడలు గారి బట్టల మడతలా. పెద్దావిడ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. అటు దూరాన ఉన్న పిల్లలకి మాత్రం ఇల్లు అద్దంలా కనిపిస్తుంది, వాళ్లకి నమ్మకం కుదురుతుంది.

ఒంటికి నీళ్లు పోసేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు కెమెరా మీద తువ్వాలు కప్పుతాను. కొందరు వెంటనే ఫోన్ చేసి "ఎందుకు కప్పావ్" అంటారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. మంచం మీద ఉన్న ఆవిడ కూడా ఒకప్పుడు తలుపేసుకుని బట్ట మార్చుకున్న మనిషే.

వానచినుకు
@తెల్లచెప్పులు మీరు రాయాలి. ఇంకా రాయాలి.

లెక్కలమాస్టారు
@తెల్లచెప్పులు అమ్మా, మీరు చెప్పినదానికి పుస్తకాల్లో సాక్ష్యం ఉంది, ఈసారి వానచినుకు గారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను. ఈథన్ బర్న్‌స్టీన్ అనే హార్వర్డ్ పరిశోధకుడు చైనాలో ఒక మొబైల్ ఫోన్ల కార్ఖానాలో చేసిన పని, 2012లో అచ్చయింది. అక్కడ పనివాళ్లందరూ పైవాళ్లకి బార్లా కనిపించేలా వరుసలుంటాయి. పనివాళ్లు తమకు తెలిసిన మెరుగైన పద్ధతులని పైవాళ్లు చూస్తుంటే వాడటం లేదని తెలిసింది. రూలు ప్రకారం చేస్తున్నట్టు నటించడానికి బోలెడు శ్రమ పోతోంది. కొన్ని వరుసల చుట్టూ పరదాలు కట్టారు, అంతే. ఆ వరుసల్లో ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది.

పరదా వెనక సోమరితనం పెరుగుతుందని అనుకుంటాం. పెరిగింది పని. మీ అరగంట ఊసులు ఆ పరదా వెనక పని లాంటివే.

రాత్రిబండి
మా సారుకు ఈ పోస్టు చూపెట్టాలె.

వానచినుకు
@లెక్కలమాస్టారు ఒప్పుకుంటున్నా. ఆ అధ్యయనం గట్టిది.

కిటికీ_పక్కన
చూసేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నేను చూసేదాన్ని. పాప పుట్టాక ఉయ్యాల మీద కెమెరా పెట్టాం. ఆఫీసులో కూర్చుని గంటకోసారి చూసేదాన్ని, తర్వాత పావుగంటకి. పాప నిద్రలో కదలకపోతే ఊపిరి తీస్తోందా అని స్క్రీన్ పెద్దది చేసి పొట్ట వైపే చూసేదాన్ని. చూస్తే ధైర్యం రావాలి కదా, రాలేదు. చూడని పది నిమిషాల్లో ఏం జరిగిందో అనే భయం కొత్తగా పుట్టింది. ఒకరోజు మీటింగ్ మధ్యలో కెమెరా కనెక్షన్ పోయింది. ఏడుస్తూ బయటికి పరిగెత్తాను. ఇంట్లో వైఫై ఆగింది, అంతే. పాప మా అత్తగారి భుజం మీద నిద్రపోతోంది.

మా అత్తగారు ఆ సాయంత్రం ఒకే మాట అన్నారు, "నా చేతుల్లో ఉందని నీకు నమ్మకం లేదా" అని. ఆమె మీద నాకు చాలా నమ్మకం. అది ఆమెకి కెమెరా ఇంకోలా చెప్పింది. మర్నాడే తీసేశాను.

గుమ్మం_నీడ గారూ, మీరు నాలుగైదుసార్లే చూస్తానన్నారు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్ ఎన్నిసార్లు తెరిచారో లెక్క ఉంటుంది, ఒక్కసారి చూడండి.

గుమ్మం_నీడ
చూశాను. నిన్న ఒక్కరోజే 31.

తాళంచెవి
నేనూ చూసుకున్నా. సంఖ్య ఇక్కడ రాయలేను.

గుమ్మం_నీడ
పదిరోజుల తర్వాత రాస్తున్నాను. శనివారం ఊరెళ్లి అమ్మ దగ్గర రెండు రోజులున్నాను. కెమెరా ప్లగ్ తీసేశాకే మాట్లాడాను.

మొదట ఏం ఇబ్బంది లేదనే అంది. మూడుసార్లు అలాగే అంది. నేను ఆ పాత వీడియో చూపించాను. చూసి సిగ్గుపడింది, "ఇదంతా మీరు చూశారా" అని మొహం తిప్పుకుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నాన్నతో మాట్లాడుతుంటే పిల్లలు చూసి అమ్మకి మతి చలించిందనుకుంటారని భయమట. తమ్ముడు ఒకసారి కెమెరాలోంచి "అమ్మా, నేల మీద కూర్చోకు, లేవలేవు" అన్నాడట. ప్రేమగానే అన్నాడు. గోడలోంచి గొంతు వచ్చేసరికి ఆమె గుండె ఝల్లుమందట. అప్పట్నుంచి నేల మీద కూర్చోలేదు. ఇంకో మాట కూడా అంది, అది నాకు నిద్రపట్టనివ్వడం లేదు. "ఇదివరకు మీరు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేవాళ్లు. ఇప్పుడు అడగడం లేదు, చూసేస్తున్నారుగా" అంది. లెక్క చూశాను. కెమెరా వచ్చాక నేను అమ్మకి చేసే ఫోన్లు సగానికి సగం పడిపోయాయి.

ఏం చేశామంటే, హాల్లోది మొదట పూర్తిగా తీసేశాం. వంటింటిది తీసి వీధి తలుపు బయటికి పెట్టాం, ఎవరొచ్చారో చూసుకోవడానికి. అది అమ్మే అడిగింది, @రాత్రిబండి గారి రోడ్డు వైపు కెమెరా గుర్తొచ్చింది నాకు. బాత్‌రూమ్‌లో, గడప దగ్గర పట్టుకోవడానికి కమ్మీలు బిగించాం, ఇది ఎనిమిది నెలల కిందటే చేయాల్సిన పని. హాల్లో, వంటింట్లో, బాత్‌రూమ్ బయట మోషన్ సెన్సర్లు. లోపలి గదిలో ఒక కెమెరా ఉంచమని తమ్ముడు పట్టుబట్టాడు. అమ్మ ఒప్పుకోలేదు, చివరికి హాల్లోంచి తీసినదాన్నే మూతతో మళ్లీ అక్కడ పెట్టడానికి ఒప్పుకుంది. మూత అమ్మ చేతిలో. సెన్సర్ నుంచి సందేశం వస్తే ముందు అమ్మకి ఫోన్ చేయాలి, రెండుసార్లు చేసినా ఎత్తకపోతే పక్కింటావిడకి చేయాలి, ఆవిడ తాళం తీసి చూస్తారు. ఆవిడ దగ్గర తాళంచెవి ఉంచాం.

తమ్ముడికి ఇది నచ్చలేదు. మూత వేసి ఉన్న కెమెరా ఎందుకు అంటున్నాడు. ఏదైనా జరిగితే బాధ్యత నీదే అన్నాడు. ఆ మాట బరువుగానే ఉంది.

తాళంచెవి
మీ తమ్ముడి భయం నాకు తెలుసు, నాది అదే కాబట్టి. ఆయన్ని తప్పుపట్టకండి. పక్కింటావిడకి తాళంచెవి ఇవ్వడం మాత్రం మంచి పని. మా అమ్మాయికి నిన్న చెప్పాను, మ్యాప్ తీసేస్తున్నానని. "ఎందుకు, ఏమైంది నాన్నా" అని కంగారుపడింది. రాత్రి ఆలస్యమైనప్పుడు మాత్రం తనే ఆన్ చేసి పంపుతానంది.

నిద్రలేమి22
@తాళంచెవి అంకుల్ ❤

సున్నా_ఒకటి
సెన్సర్ ఎన్నింటికి పెట్టారు? అమ్మగారు సాధారణంగా లేచే వేళకి కనీసం గంటన్నర ఎక్కువ ఇవ్వండి. లేకపోతే ఒకరోజు ఆలస్యంగా నిద్రలేచినా మీ అందరికీ సందేశాలొస్తాయి, ఆమె మళ్లీ సెన్సర్ కోసం లేవడం మొదలుపెడతారు.

గుమ్మం_నీడ
@సున్నా_ఒకటి అయ్యో, అదే జరిగింది. ఆరింటికి పెట్టాం, "ఆరయ్యేలోపు వంటింట్లోకి ఒకసారి వెళ్లొచ్చి పడుకుంటున్నా" అంది నిన్న ఫోన్లో. ఇప్పుడే ఎనిమిదికి మారుస్తున్నాను.

తెల్లచెప్పులు
పెద్దవాళ్లు మన కోసం చేసేవి ఇలాగే ఉంటాయి. మారిస్తే ఆమెకి చెప్పండి, మార్చామని. చెప్పకపోతే లేస్తూనే ఉంటారు.

గుమ్మం_నీడ
ఇప్పుడే చేస్తున్నా ఫోన్.

వానచినుకు
@పెద్దకోడలు మీరు రెండు వారాలుగా కనిపించలేదు. మీ ఇంట్లో ఏమైనా మాట్లాడారా?

పెద్దకోడలు
ఇంకా లేదు. ఈ చర్చ మొత్తం మా ఆయనకి చదివి వినిపించాను, పడగ్గదిలో. ఆయన బట్టల మడత దగ్గర ఆపమన్నారు. ఆయనకి తెలియదట. ఈ ఆదివారం బావగారు వస్తారు, కెమెరాని గుమ్మం వైపు తిప్పమని అడుగుదామన్నారు. నేనే అడుగుతానన్నాను.

రాత్రిబండి
అడిగినంక ఇక్కడ రాయి చెల్లె.